ఒకే క్లబ్‌కి ఇద్దరు ప్రెసిడెంట్లు: కౌన్సెలర్‌కి చెప్పాలా, వద్దా?

పన్నెండో క్లాస్ అమ్మ:
మా అమ్మాయి వాళ్ళ హైస్కూల్లో రోబోటిక్స్ క్లబ్ ప్రెసిడెంట్. అదే క్లబ్‌లో ఉన్న ఒక అబ్బాయి తన ఎస్సే చూసిపెట్టమని గూగుల్ డాక్ పంపాడు. దాని కిందే కామన్ యాప్ (అమెరికాలో చాలా కాలేజీలకి ఒకే చోట అప్లై చేసే ఫారం) యాక్టివిటీస్ లిస్ట్ కూడా ఉంది. మొదటి లైన్: "రోబోటిక్స్ క్లబ్ ప్రెసిడెంట్, వారానికి 15 గంటలు." ఆ అబ్బాయి మీటింగ్‌లకి రావడమే అరుదు. ఇద్దరూ ఒకే యూనివర్సిటీకి ఎర్లీలో, అంటే మామూలు గడువుకంటే ముందే, అప్లై చేస్తున్నారు. గడువు నవంబర్ 1, ఇంకా ఎవరూ సబ్మిట్ చెయ్యలేదు. వాళ్ళ అమ్మానాన్నలు మాకు బాగా కావలసినవాళ్ళు. మావారు "మనకెందుకు, వదిలెయ్" అంటున్నారు. అమ్మాయికి ఒకటే టెన్షన్. కాలేజీలకి పిల్లల గురించి లెటర్ రాసే స్కూల్ కౌన్సెలర్‌కి ఈ సంగతి చెప్పాలా? మీరైతే ఏం చేస్తారు?

నిద్రలేని నాన్న:
మీవారు చెప్పిందే కరెక్టండి. పది యాక్టివిటీలు, ఒక్కోదాని వివరణకి 150 అక్షరాలు. ఆ ఇరుకులో కాస్త పెంచి రాయనివాళ్ళు ఎవరు? పైగా నమ్మి పంపిన డాక్ అది. దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే, చాడీలు చెప్పిందన్న పేరు మీ అమ్మాయికి మిగులుతుంది.

లెక్కల మాస్టారు:
పెంచి రాయడం వేరు, లేనిది పుట్టించడం వేరు. 8 గంటలు చేసి 10 అని రాస్తే పెంచినట్టు. మామూలు సభ్యుడు ప్రెసిడెంట్‌నని రాసుకుంటే ఇంకొకరి పదవి లాక్కున్నట్టు. ఇందులో రాసినదంతా నిజమేనని అప్లికేషన్‌లో సంతకం చేయిస్తారు. అబద్ధమని తేలితే అడ్మిషన్ పోవచ్చు, చేరిన తర్వాతైనా సరే.

గంటల సంగతి ఇంకా తమాషా. వారానికి 168 గంటలు. నిద్రకి 56, స్కూల్‌కి 35 తీసేస్తే మిగిలేది 77. హోంవర్క్, ప్రయాణం అన్నీ అందులోంచే. కొందరు పది వరుసల్లోనూ తలా 10 గంటలు వేసేస్తారు. మొత్తం 100!

కాలేజీ రెండో ఏడాది:
మాస్టారూ, అలా కూడకూడదండి. ఏడాదికి ఎన్ని వారాలు అనే గడి పక్కనే ఉంటుంది. సమ్మర్‌లో 6 వారాలు రీసెర్చ్ చేసినవాళ్ళు వారానికి 40 గంటలు రాసినా తప్పు కాదు.

ఆంటీ, మీరు ఆలోచించాల్సింది వేరే ఉంది. చాలా యూనివర్సిటీల్లో ఒక ప్రాంతంలోని స్కూళ్ళ ఫైళ్ళని ఒకే ఆఫీసర్ చదువుతారు. ఒకే స్కూల్, ఒకే క్లబ్, ఇద్దరు ప్రెసిడెంట్లు. ఎవరి మాట నిజమో ఆ మనిషికి ఏం తెలుసు? అనుమానం మీ అమ్మాయి మీద కూడా పడుతుంది. కాబట్టి ఇది పక్కవాడి గొడవ కాదు.

నిద్రలేని నాన్న:
కో-ప్రెసిడెంట్లు అనుకుంటారు లెండి. వాళ్ళకంత తీరిక ఎక్కడిది? 2019లో బయటపడిన వార్సిటీ బ్లూస్ కేసు, అదే డబ్బున్న పేరెంట్స్ లంచాలిచ్చి కాలేజీ సీట్లు కొన్న కేసు, గుర్తుందా? రోయింగ్ (పడవ పందేలు) తెలియని ఇద్దరు అక్కచెల్లెళ్ళకి టీమ్ ప్లేయర్లన్న వేషం వేసి యూఎస్‌సీలో (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) సీట్లు ఇప్పించారు. దాన్ని పట్టుకున్నది అడ్మిషన్ ఆఫీసు కాదు, ఎఫ్‌బీఐ.

కాలేజీ రెండో ఏడాది:
మీరు సగం కథే చెప్పారు అంకుల్. ఆ రోయింగ్ వ్యవహారంలో మొదట అనుమానపడిన వాళ్ళలో ఆ అమ్మాయిల హైస్కూల్ కౌన్సెలర్ ఒకరు. వీళ్ళు రోయింగ్ చేస్తారంటే నమ్మబుద్ధి కావట్లేదని యూనివర్సిటీకి చెప్పారు. తండ్రి స్కూల్‌కి వెళ్ళి ఆయనతో గొడవ కూడా పెట్టుకున్నాడు. ఇదంతా కోర్టు పత్రాల్లో ఉంది. ఆ తర్వాత అమ్మకి రెండు నెలలు, నాన్నకి ఐదు నెలలు జైలు. అంటే స్కూల్లో ఉన్న మనిషికే ముందు తెలుస్తుంది. కాకపోతే ఒక్కో కౌన్సెలర్ కింద వందలమంది పిల్లలు ఉంటారు, ఎవరైనా చెబితే తప్ప అందరి క్లబ్బులూ వాళ్ళు గుర్తుపెట్టుకోలేరు.

చూసీచూడనట్టు:
మీరంతా చిన్నచేప వెనకపడ్డారు. నాన్న డబ్బుతో రిజిస్టర్ చేసిన నాన్‌ప్రాఫిట్ (సేవాసంస్థ), వెబ్‌సైట్, లోగో, పదిమంది "వాలంటీర్లు". "ఫౌండర్ అండ్ సీఈఓ". ఎవరు వెరిఫై చేసినా ప్రతి అక్షరమూ నిజమే! అప్లికేషన్ పంపిన మర్నాటి నుంచి ఆ వెబ్‌సైట్ వైపు చూసే నాథుడు ఉండడు. దీని ముందు ఆ కుర్రాడి అబద్ధం ఎంత?

ఇంకోవైపు, సాయంత్రాలు తమ్ముణ్ణి చూసుకునే పిల్ల, షాపులో పనిచేసే పిల్లాడు ఆ సంగతే రాయరు. కామన్ యాప్‌లో ఇంటి బాధ్యతలకీ, జీతానికి చేసే పనికీ వేరే వర్గాలే ఉన్నాయి. "అది కూడా యాక్టివిటీనా?" అని మన పేరెంట్స్ తీసేయిస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడ.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను. కానీ పెద్ద మోసం ఉంది కదా అని చిన్న మోసానికి మాఫీ ఎందుకు? యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కొన్ని అప్లికేషన్లని ర్యాండమ్‌గా తీసి, రాసినదానికి రుజువు పంపమంటుంది. పంపకపోతే అప్లికేషన్ రద్దు. ఆ మెయిల్ వచ్చిన రోజు మన పది వరుసల ఘనుడు ఏం పంపిస్తాడో చూడాలి.

పన్నెండో క్లాస్ అమ్మ:
అందరికీ థాంక్స్. అనుమానం అమ్మాయి మీద కూడా పడొచ్చన్నది మాకు తట్టనే లేదు. కానీ నమ్మి పంపిన డాక్ అన్న మాటా నిజమే కదా. అక్కడే ఆగిపోయాను.

కాలేజీ రెండో ఏడాది:
అందుకే ముందు ఆ అబ్బాయితోనే మాట్లాడమనండి. ఎస్సే చూడమన్నాడు కదా, దానితోపాటే "ప్రెసిడెంట్ నేను, నువ్వు మెంబర్‌వి, మార్చు" అని డాక్‌లోనే కామెంట్ పెట్టొచ్చు. సబ్మిట్ చెయ్యలేదు కాబట్టి ఒక్క నిమిషం పని. సబ్మిట్ అయ్యాక ఆ కాలేజీకి వెళ్ళిన కాపీని అతను మార్చలేడు, అడ్మిషన్ ఆఫీసుకి విడిగా రాసుకోవాలి. ఆ ఇబ్బంది అతనికీ తప్పుతుంది.

నిద్రలేని నాన్న:
ఇది బాగుంది. మార్చకపోతే?

కాలేజీ రెండో ఏడాది:
మార్చకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి. అతని పేరు ఎత్తకుండా, "ఈ ఏడాది ప్రెసిడెంట్‌ని నేనే, మీ లెటర్‌లో ఆ విషయం రాయగలరా?" అని అడిగితే చాలు. క్లబ్ టీచర్‌నీ అదే అడగొచ్చు. ఆ డాక్ సంగతి బయటికి తీయక్కర్లేదు. మిగతాది కౌన్సెలర్ చూసుకుంటారు.

చూసీచూడనట్టు:
పేరు ఎత్తకుండా చెప్పడం కూడా చెప్పడమేగా బాబూ. ఆ అబ్బాయికి లెటర్ రాసేటప్పుడు ఆ కౌన్సెలర్‌కి అర్థం కాదా?

కాలేజీ రెండో ఏడాది:
అర్థమైతే అవనివ్వండి. తన గురించి నిజం చెప్పుకునే హక్కు ఆ అమ్మాయికి లేదా?

పన్నెండో క్లాస్ అమ్మ:
ఈ రాత్రికి డాక్‌లో కామెంట్ పెడతానంటోంది. కౌన్సెలర్ దాకా వెళ్ళాల్సివస్తే మెయిల్ నేను రాయనా, తననే రాయమననా?

లెక్కల మాస్టారు:
తననే రాయమనండి. తల్లి రాస్తే అది రెండు కుటుంబాల తగాదా అయిపోతుంది.