అప్‌డేట్: పాత ఓమ్నిలో బ్యాటరీ దిగిపోయే సమస్య తీరింది

మా 2009 మోడల్ మారుతి ఓమ్ని వెనుక భాగంలో పడుకునే పలక, ఎల్‌ఈడీ దీపాలు, చిన్న ఇన్వర్టర్ అమర్చుకున్న తరువాత, బండిని రెండు రోజులు కదపకుండా ఉంచితే స్టార్ట్ కావడం లేదని గతంలో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆల్టర్నేటర్ (ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే భాగం) మార్చమన్న సలహా మా విషయంలో అవసరపడలేదు; ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు వస్తున్నాయి, అంటే ఛార్జింగ్ సరిగానే ఉంది. బ్యాటరీ కూడా బాగానే ఉంది. తాళం తీసేశాక ఎంత కరెంటు పోతోందో కొలిపించమన్న సలహాయే దారి చూపింది. ఎలక్ట్రీషియన్ నెగటివ్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టగా 0.85 ఆంపియర్లు చూపించింది. ఇన్వర్టర్ తీగ తీయగానే అది 0.02కు పడిపోయింది. ఏ పరికరమూ తగిలించకపోయినా ఇన్వర్టర్ తనకోసం కరెంటు తీసుకుంటూనే ఉంటుందని, ఆ లెక్కన 35 ఆంపియర్-అవర్ (అంటే ఒక ఆంపియర్ చొప్పున సుమారు 35 గంటలు ఇవ్వగల) బ్యాటరీకి రెండు రోజులే ఎక్కువని అప్పుడు అర్థమైంది.

అంతకన్నా భయపెట్టిన విషయం మరొకటి బయటపడింది. ఓమ్నిలో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది కనుక, అటుగా నేను లాగిన తీగ పైతొడుగు వేడికి మెత్తబడి, ఒకచోట రాగి కనిపిస్తోంది. ఫ్యూజు కూడా పెట్టలేదు. ఇప్పుడు తీగను దూరంగా గొట్టంలో మళ్లించి, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు, చేతికందే చోట ఇన్వర్టర్‌కు కరెంటు ఆపేసే కట్ఆఫ్ స్విచ్ పెట్టించాను. మొత్తం 650 రూపాయలైంది. ఐదు రోజులు నిలిపి ఉంచినా మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.