బాబుకు బెన్యామీను అని పెడదామంటే జేజి వద్దంటాంది

కడప నాన్న:
అందరికీ నమస్తే, మాది కడప, పోయిన నెల బాబు పుట్టినాడు, మొదటోడు. బెన్యామీను అని పెట్టాలని నాకూ నా భార్యకూ చాలా ఆశ, కానీ మా జేజి ఒప్పుకోవడం ల్యా. బైబిల్లో ఆ పేరున్న పిల్లోని కాన్పులోనే వాళ్లమ్మ రాహేలు చచ్చిపోయింది గదా, బాలింత ఇంట్లో ఉండంగ ఆ పేరెట్ల పెడతార్రా అని ఏడుస్తాంది. పెద్దామెను బాధ పెట్టలేను, పేరూ వదులుకోలేను. అసలు ఆ పేరు యాడనుంచి వచ్చింది, తెలిసినోళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు అక్క:
తమ్ముడూ, జేజి పక్కన కూర్చోని బైబిల్లో ఆదికాండం 35:18 చదివి వినిపించు. రాహేలు ప్రాణం పోతా పోతా పెట్టింది బెనోని అని, అంటే నా దుఃఖపు కొడుకు. తండ్రి యాకోబు ఆ పేరు ఉండనీలా, బెన్యామీను అని పిల్చినాడు. హెబ్రీలో బెన్ అంటే కొడుకు, యామీన్ అంటే కుడి చెయ్యి. జేజి భయపడాల్సిన పేరేదన్నా ఉంటే అది బెనోని, దాన్ని కన్నతండ్రే తీసేసినాడు. తర్వాత ఎంత ప్రాణంగా చూసుకున్నాడో చూడు, కరువులో గింజల కోసం పదిమంది అన్నల్నీ ఐగుప్తుకు పంపి వీన్ని మాత్రం ఇంట్లోనే పెట్టుకున్నాడు, రెండోసారి పోయినప్పుడు అక్కడ పెద్ద అధికారిగా ఉన్న ఇంకో అన్న యోసేపు ఈ తమ్మునికి మిగతావాళ్ల కంటే ఐదంతలు వడ్డించినాడు.

కర్నూలు చదువరి:
అక్క బాగా చెప్పింది. యామీన్‌కు దక్షిణం అనే అర్థం కూడా ఉంది, తూర్పుకు తిరిగి నిలబడితే కుడిపక్క వచ్చేది దక్షిణమే గదా, మన దక్షిణం మాట కూడా అట్లాంటిదే. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు, అపొస్తలుడు పౌలు ఇద్దరూ ఈ గోత్రంవాళ్లే. 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చేయించిన పాదిరి షుల్జ్ పేరు కూడా బెంజమినే, అదీ బెన్యామీనే, అంటే మన భాషకు ఈ పేరు పాత చుట్టమే.

రాయచోటి భాయ్:
మా ఇండ్లల్లో కూడా యూసుఫ్ ప్రవక్త, అంటే మీ యోసేపు, ఆయన తమ్మునిగా బిన్యామీన్ అంటే చాలా ప్రేమ అన్నా. ఖురాన్‌లో పేరు రాదు గానీ యూసుఫ్ సూరాలో ఆ తమ్ముని కథ ఉంటాది.

కడప నాన్న:
అందరికీ థ్యాంక్స్, ఈ రాత్రికే చదివి వినిపిస్తా. బర్త్ సర్టిఫికెట్‌లో ఏమని రాయించేది, బెన్యామీనా, బెంజమినా?

ప్రొద్దుటూరు అక్క:
ఏదైనా ఒకటే పట్టుకో తమ్ముడూ. పుట్టిన ఏడాది లోపల పేరు ఎక్కిస్తే ఫీజు ఉండదు, తొందరేం లేదు, జేజిని కూడా అడిగే రాయించు. ఇంగ్లీషు స్పెల్లింగ్ మాత్రం సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో అక్షరం తేడా లేకుండా చూసుకో.