తక్కువ నూనెలో బెండకాయ వేపుడు జిగురు లేకుండా ఎలా చేయాలి?

అందరికీ నమస్కారం. నాన్నగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. నూనె తగ్గించమని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆయనకేమో బెండకాయ వేపుడు లేనిదే ముద్ద దిగదు. ఇదివరకు అరకిలో కాయలకు గరిటెడు నూనె పోసేదాన్ని, ఇప్పుడు 2 టీస్పూన్లే. కాయలు కడిగి, బట్టతో తుడిచి, ఆరాకే తరుగుతున్నాను. మూత పెట్టను, ఉప్పు చివర్లోనే వేస్తాను. అయినా గరిటె ఎత్తితే తీగలు సాగుతున్నాయి, అడుగున ముక్కలు మాడుతున్నాయి. మాది పల్చటి స్టీలు మూకుడు. ఇనుప మూకుడు కొంటే తేడా ఉంటుందా? రెండు విడతలుగా వేయించాలా? నిమ్మరసం పిండితే జిగురు విరుగుతుందంటారు, అది ఎప్పుడు వేయాలి? పొద్దున 20 నిమిషాలకు మించి టైం ఉండదు. నిన్న ఆయన ఏమీ అనకుండా మజ్జిగన్నం తిని లేచిపోయారు, చాలా బాధేసింది. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.