నిమ్మగడ్డి నూనె స్టిల్: డయల్‌లో 91, డిజిటల్‌లో 100.5. ఏది నిజం?

ప్రశ్న: ఊరు హైదరాబాద్. 20 లీటర్ల స్టీలు స్టిల్ (ఆవిరితో నూనె తీసే పాత్ర), అడుగున నీళ్లు, పైన జల్లెడ పళ్లెంలో నిమ్మగడ్డి. మూత మీద డయల్ థర్మామీటర్, కండెన్సర్‌కి (ఆవిరిని చల్లార్చే భాగం) వెళ్లే గొట్టం మలుపు దగ్గర డిజిటల్ మీటరుకి రెండు వైర్ల పీటీ100 ప్రోబ్ (వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే సెన్సర్, 2 మీటర్ల సన్న కేబుల్). నూనె బాగా దిగుతున్నప్పుడే డయల్ 91 డిగ్రీలు, డిజిటల్ 100.5 చూపిస్తున్నాయి. దేన్ని నమ్మాలి?

జవాబు: ప్రస్తుతానికి దేన్నీ నమ్మకండి. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, అక్కడ నీళ్లు మరిగేదే 98.2 దగ్గర. విశాఖ తీరంలో 100, అరకులో 97. నూనె కలవడం వల్ల తగ్గేది అర డిగ్రీ కూడా ఉండదు. అంటే మీకు 98 చుట్టుపక్కల రావాలి.

డయల్‌లో వేడిని పట్టేది కాడ చివరి నాలుగైదు సెంటీమీటర్లే. అందులో సగం సాకెట్‌లోనే ఉండిపోతే మీరు కొలుస్తున్నది ఆవిరిని కాదు, గాలికి చల్లబడ్డ మూతని. పొడుగు కాడది వేయండి.

ఇంకో జవాబు: డిజిటల్ సంగతి వైర్లలో ఉంది. 28 గేజ్ రాగి తీగ అయితే రానుపోను 4 మీటర్లకు దాదాపు 0.85 ఓం నిరోధం. పీటీ100 డిగ్రీకి మారేది 0.38 ఓం. ఉత్త వైరుకే 2.2 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. 100.5లోంచి తీసేస్తే 98.3!

నిర్ధారణకి ఐసు పరీక్ష చేయండి. గ్లాసు నిండా దంచిన ఐసు, సందులు నిండే వరకే నీళ్లు. ప్రోబ్ గ్లాసుకి తగలకుండా పెట్టి 5 నిమిషాలు కలపండి. అక్కడా 2 పైన చూపిస్తే వైరు తేడానే. డిజిటల్ మీటరులో ఆఫ్‌సెట్ (అంకెని సరిచేసే సెట్టింగు) మైనస్ 2.2 పెట్టుకోవచ్చు, మూడు వైర్ల ప్రోబ్ అయితే ఆ బాధే ఉండదు.

ప్రశ్న: థాంక్సండీ. ప్రోబ్ ఎంత లోపలికి దింపాలి?

జవాబు: 6 మి.మీ. ప్రోబ్ అయితే కనీసం 6 సెం.మీ. ఆవిరిలో ఉండాలి. నిలువుగా దింపితే సెన్సర్ మొన, కండెన్సర్‌కి వెళ్లే పక్క గొట్టం కింది అంచుకి సమంగా ఉండాలి. ఇంకా పైన ఉంటే ఆవిరి దానికి తగలకుండానే మలుపు తిరిగిపోతుంది. మరీ కిందికి దిగితే గడ్డికి తగులుతుంది, నీటి తుంపరలు పడతాయి. గొట్టం గోడకి అస్సలు ఆనకూడదు. బయట మలుపు చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టండి, ఫ్యాను కట్టేయండి. మొదట్లో లోపలి గాలి బయటికి పోయేదాకా అంకె తక్కువే ఉంటుంది, మంట పెంచేయకండి.

ప్రశ్న: నూనె అయిపోయిందని అంకెని బట్టి తెలుస్తుందా?

జవాబు: తెలియదు. మొదటి నుంచి చివరిదాకా దాదాపు అదే 98. దానికి సెపరేటర్‌లో (నూనె, నీళ్లు వేరుపడే పాత్ర) నూనె పొర పెరుగుతోందా లేదా అన్నదే గుర్తు. థర్మామీటర్ అసలు పనికొచ్చేది అడ్డంకి పట్టుకోవడానికి. సరిచేసిన అంకె 100 దాటుతోందంటే గడ్డి పోచలు గొట్టం మూస్తున్నాయని అర్థం. 102 దగ్గర 30 సెం.మీ. మూత మీద సుమారు 100 కిలోల తోపు పడుతుంది. వెంటనే మంట ఆపండి, చల్లారేదాకా క్లాంపులు ముట్టుకోవద్దు. తిరిగి బిగించేటప్పుడు గొట్టం మొదట్లో స్టీలు జాలీ పెట్టండి, గడ్డిని కుక్కకండి.