సమస్యాపూరణం: ‘చేయి వెనుక లాగ చిక్కె బంతి’

నిర్వాహకుడు: ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి; ఈ వారం ఛందస్సు ఆటవెలది. చేయి వెనక్కి తీసుకుంటే బంతి జారిపోవాలి గదా, చిక్కడమేమిటి? అదే ఇక్కడి చిక్కు. పూరణలో ఆటా ఉండాలి, కారణమూ తెలియాలి.

మొదటి పూరణ:

బ్యాటు తగిలి బంతి బాణమై దూకగా
స్లిప్పులోని కుర్ర సిద్ధమయ్యె
వడిగ వచ్చు దాని వాటమున్ గనిపెట్టి
చేయి వెనుక లాగ చిక్కె బంతి.

నిర్వాహకుడు: ధార బాగుంది. ఒంటరిగా ‘కుర్ర’ కంటే ‘కుర్రాడు’ అనడమే వాడుకండీ. ‘స్లిప్పులోని వాడు’ అంటే గణమూ యతీ చెడవు. అయితే చేయి ఎందుకు లాగాడో మాత్రం పద్యంలో లేదు.

రెండో పూరణ (ఫిజిక్స్ మాస్టారు):

కాలమింత పెరుగ ఘాతమ్ము తగ్గును
ద్రవ్యవేగ మార్పు తగ్గకున్న
సూత్రమెరిగి యొకడు చూపించె నేర్పును
చేయి వెనుక లాగ చిక్కె బంతి.

వివరణ: క్రికెట్ బంతి సుమారు 160 గ్రాములు. సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తే ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) 4.8 కిలోగ్రామ్ మీటర్/సెకను. బిగిసిన చేతిలో 0.005 సెకన్లలో ఆగితే సగటు బలం 960 న్యూటన్లు. చేయి బంతితో పాటు ఓ 30 సెంటీమీటర్లు వెనక్కి వెళ్తే ఆగడానికి 0.02 సెకన్లు పడుతుంది, బలం 240కి దిగుతుంది.

ఒక సభ్యురాలు: మాస్టారూ, లెక్క చూస్తే ముచ్చటేసింది. కానీ ‘ద్రవ్యవేగ మార్పు’ వైరి సమాసం (సంస్కృత పదానికి తెలుగు పదం అతికించడం) కదండీ?

మాస్టారు: నిజమేనమ్మా. ‘ద్రవ్యవేగమంత తరుగునపుడు’ అని సవరిస్తున్నాను. అర్థం కూడా ఇలాగే తేటగా ఉంది.

నిర్వాహకుడు: సవరణ చక్కగా కుదిరింది. ఇంకొక్క మాట. బిగిసిన అరచేతికి కొట్టుకుని బంతి వెనక్కి ఎగిరితే, ఆగడమే కాదు, దిశ కూడా మారుతుంది. అంటే ద్రవ్యవేగంలో మార్పు ఇంకా పెద్దది. క్యాచ్ జారేది ఎక్కువగా అక్కడే. ఇది పద్యంలోకి వస్తే బాగుండును.

మూడో పూరణ (అదే సభ్యురాలు):

బిగిసి నిలువ నిన్న వెనుదిరిగి పడెను
వేళ్లు వాచె, నేడు వెరపు లేదు
కోచు చెప్పినట్టు కొద్దిగా వదులుగ
చేయి వెనుక లాగ చిక్కె బంతి.

మాస్టారు: భలే తల్లీ! న్యూటన్ రెండో నియమం (ద్రవ్యవేగం మారే రేటే బలం) పేరెత్తకుండానే చెప్పేశావు. క్లాసులో పాఠానికి ముందు ఈ పద్యమే చదివిస్తాను.

నిర్వాహకుడు: నా ఓటూ దీనికే. ‘వెనుదిరిగి పడినది’ ఏమిటో నాలుగో పాదం దాకా తెలియదు, కొందరు దాన్ని దోషమంటారు. నాకైతే ఆ ఆలస్యమే నచ్చింది. నిన్నటి బిగువుకూ నేటి వదులుకూ మధ్య తేడాలోనే కారణమంతా ఉంది, వేరే వివరణ అక్కర్లేదు. బి–వె, వే–వె, కో–కొ యతులు సరిపోయాయి.

వచ్చే వారం సమస్య: ‘తోసినట్టి వాడె దొర్లి పడెను’. స్కేటింగ్ తీసుకోండి, కబడ్డీ తీసుకోండి, మీ ఇష్టం. న్యూటన్ మూడో నియమం (ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య) మాత్రం తప్పకూడదు.