కోనసముద్రం ఉక్కు ఎందుకు సాగదు?

ప్రశ్న: నిజామాబాద్ వైపు కోనసముద్రంలో పూర్వం ఉక్కు చేసిన పద్ధతిలో, మూసలో (మట్టి పాత్రలో) కరిగించిన ఉక్కు దిమ్మ సుత్తి పడగానే పిండిలా రాలుతోంది. తప్పెక్కడ?

జవాబు 1: కాక ఎక్కువైంది. ఈ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం. తెల్లగా మెరిసేదాకా కాలిస్తే రేణువుల అంచులు కరుగుతాయి, దెబ్బకు విడిపోతాయి. చెర్రీ ఎరుపులోనే, చిన్న చిన్న దెబ్బలతో సాగదీయండి.

జవాబు 2: మూసను కూడా చూడండి. బంకమట్టిలో ఊక తక్కువైతే ఎండేటప్పుడే బీటలిస్తుంది. కరిగాక పొయ్యిలోనే మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడి నీళ్లు కొట్టారా, దిమ్మ పగిలినట్టే. మైసూరు వైపు మూసలో తంగేడు పుల్లలు వేసేవారు, ఉక్కులోకి కర్బనం ఆ పుల్లల నుంచే వచ్చేది.

ప్రశ్న: మరి ఇప్పటి విశాఖ ఉక్కు?

జవాబు 1: దాని పద్ధతే వేరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని కోక్‌తో (గాలి తగలకుండా కాల్చిన బొగ్గుతో) బ్లాస్ట్ ఫర్నేస్ అనే పెద్ద కొలిమిలో కరిగించి, ఆక్సిజన్ ఊది కర్బనం తగ్గిస్తారు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, అందుకే కోకింగ్ బొగ్గు (కోక్ చేయడానికి పనికొచ్చేది) చాలావరకు దిగుమతే. ఆ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేకపోవడమే పెద్ద దెబ్బ.