సీక్ కబాబ్ సీకు మీద నిలవట్లేదు, తప్పు బొప్పాయిదేనా?

కొలతలు ఇవి: కిలో మటన్ ఖీమా (తొడ మాంసం, రెండుసార్లు మిషన్ పట్టింది), కొవ్వు 200 గ్రాములు, ఉప్పు 15 గ్రాములు, సన్నగా తరిగి నీళ్లు పిండేసిన ఉల్లిపాయ 150 గ్రాములు, వేయించిన శనగపిండి 3 పెద్ద చెంచాలు, పచ్చి బొప్పాయి ముద్ద 2 పెద్ద చెంచాలు. అల్లం వెల్లుల్లి, గరం మసాలా మామూలే. అన్నీ ఒకేసారి కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బొగ్గుల మీద కాలిస్తే రెండు మూడు నిమిషాలకే పగిలి నిప్పుల్లో పడుతోంది. పడకుండా మిగిలింది పిండిలా ఉంది, పంటికి తగలదు.

అనుమానం బొప్పాయి మీదే. ఉప్పేసి పిసికితే మాంసంలోని ప్రోటీన్ బయటికొచ్చి జిగురవుతుంది. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ రాత్రంతా కూర్చుని తెంచేది ఆ ప్రోటీన్‌నే. రాతిపలక మీద కాల్చే పత్తర్ కా గోష్త్ ముక్కలకైతే అది కావాలి గాని, ఖీమాను మిషనే నలగ్గొట్టేసింది కదా! గుండ్రటి సీకులు మానేసి చదునువే వాడుతున్నాను, కాబట్టి అది కారణం కాదు.

బొప్పాయి పూర్తిగా మానేయాలా, కాల్చే అరగంట ముందు ఒక చెంచా కలిపితే చాలా? ముందు ఉప్పు ఒక్కటే వేసి చల్లటి ఖీమాను ఎన్ని నిమిషాలు పిసకాలి? కొవ్వు 150కి తగ్గిస్తే ఎండిపోతుందా? మొదటి వైపు ఎంతసేపు కదపకుండా ఉంచుతారు? గుడ్డు కలపమని మాత్రం చెప్పకండి, ఆమ్లెట్ వాసనొస్తుంది.